మొదటిసారి ఏటీవీ ఎక్కేవారికి అమెరికాలో సులువైన ట్రెయిళ్లు: ఏది ముందు, ఏది తర్వాత

క్వాడ్ బైక్ (నాలుగు చక్రాల ఏటీవీ) అద్దెకు తీసుకుందామనుకునే తెలుగు కుటుంబాలు ముందుగా వెతికేది ఇసుక తిన్నెల కోసమే. ఫొటోలు బాగా వస్తాయి, మెత్తటి ఇసుకలో పడ్డా ఏమీ కాదన్న ధీమా కూడా ఉంటుంది. కానీ మొదటి రోజుకు ఇసుక తిన్నెలంత తప్పుడు ఎంపిక ఇంకోటి లేదు. కొత్తవారికి కావలసింది గట్టి నేల, ఎదురుగా బండి వస్తే పక్కకు తప్పుకునేంత వెడల్పు, ప్రతి మలుపులో నంబరు బోర్డు, ఒళ్లు అలిసిపోతే సగంలోనే తిరిగొచ్చే వీలు. కొండలు, జలపాతాలు ఎంత బాగున్నాయన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు.

హైదరాబాద్ శివార్ల రిసార్టులో పది నిమిషాలు గుండ్రంగా తిప్పిన అనుభవాన్ని అనుభవం కింద లెక్కేసుకోకండి. అక్కడ దారి చదును, వేగానికి కళ్లెం, పక్కనే కేకలేస్తూ ఒక మనిషి. ఇక్కడ అద్దెకిచ్చే బండి 420 నుంచి 570 సీసీ, బరువు 260 కిలోలకు తక్కువ ఉండదు. దుకాణంవాళ్లు పావుగంటలో అన్నీ చెప్పేసి తాళం చేతిలో పెడతారు.

చాలా చోట్ల ట్రెయిళ్లకు రంగులు ఉంటాయి: ఆకుపచ్చ సులువు, నీలం మధ్యస్థం, నలుపు కష్టం. అయితే ఆ రంగు ఆ పార్కు వరకే. ఒకచోట ఆకుపచ్చ అంటే కంకర రోడ్డు, ఇంకోచోట చిన్న బండరాళ్ల మీదుగా ఎక్కే దారి. పైగా రంగులు పొడి నేలను చూసి వేసినవి. రాత్రి గట్టి వాన పడితే పొద్దున్న ఆకుపచ్చను నీలమనే అనుకోవాలి, నీలం జోలికి అసలు పోకూడదు. మ్యాపు చూసేటప్పుడు మనం వెళ్లే ట్రెయిల్ రంగు ఒక్కటే చూస్తే చాలదు, అది చివర్లో దేనిలో కలుస్తుందో కూడా చూడాలి. ఆరు మైళ్లు ఆకుపచ్చలో హాయిగా వెళ్లి, ముందున్న దారంతా నలుపే అని తేలితే వచ్చిన దారినే వెనక్కి రావాలి. అప్పుడు పెట్రోలు లెక్క కూడా రెట్టింపవుతుంది.

పాయూట్ ట్రెయిల్, యూటా

మొదటిసారికి మా ఓటు దీనికే. మధ్య యూటాలో దాదాపు 275 మైళ్ల వలయం ఇది. మొదలూ చివరా లేవు, ఏ ఊళ్లోనైనా ఎక్కి ఏ ఊళ్లోనైనా దిగొచ్చు. ప్రధాన దారికి 01 నంబరు, దాన్నుంచి చీలే పక్కదారులకు వేరే నంబర్లు. చాలా భాగం అటవీ శాఖ మట్టిరోడ్లే కాబట్టి కార్లు కూడా ఎదురవుతాయి, ఎడమ పక్కకు జరిగే అలవాటు మాత్రం ఇంట్లో పెట్టి రావాలి.

కొత్తవాళ్లు వలయం మొత్తం తిరగాలని పెట్టుకోవద్దు. మట్టిదారిలో సగటు వేగం గంటకు 15 నుంచి 20 మైళ్లే. మధ్యలో ఆగడాలు, ఫొటోలు, భోజనం కలుపుకుంటే రోజుకు 40 నుంచి 60 మైళ్లు చాలు. అంతకు మించితే బొటనవేలు మొరాయిస్తుంది. ఏటీవీలో యాక్సిలరేటర్ కుడి బొటనవేలితో నొక్కే మీట. బైకుల మీద తిరిగినవాళ్లకు కూడా ఈ పని కొత్త. రెండు గంటలు గడిచేసరికి వేలు లాగుతుంది, పట్టు సడలుతుంది, గుంత తగలగానే ఒళ్లు ముందుకు ఊగి వేలు తెలియకుండానే మీటను నొక్కేస్తుంది. బండి ఒక్క ఉదుటున దూకుతుంది. మధ్యాహ్నం తర్వాత జరిగే ప్రమాదాలకు ఇదో కారణం. అరగంటకోసారి ఆగి చెయ్యి విదిలించుకోవడం సిగ్గుపడాల్సిన పనేమీ కాదు.

మకాం మేరీస్‌వేల్‌లోనా, రిచ్‌ఫీల్డ్‌లోనా అన్నది అందరూ అడిగే ప్రశ్న. మేరీస్‌వేల్ చిన్న ఊరు. క్యాబిన్ ముందే బండెక్కి ఊరి వీధుల గుండా నేరుగా ట్రెయిల్‌లోకి వెళ్లిపోవచ్చు. ట్రెయిలర్, లోడింగ్ గొడవ లేదు. ఊరికి ఉత్తరంగా బిగ్ రాక్ క్యాండీ మౌంటెన్ దగ్గర పాత రైలు డబ్బాలను గదులుగా మార్చారు, పిల్లలకు సరదా. లోపమల్లా తిండి. హోటళ్లు తక్కువ, త్వరగా కట్టేస్తారు, గ్రామీణ యూటాలో ఆదివారం చాలా దుకాణాలు తెరవరు. శాకాహారులకు ఆ కొద్ది హోటళ్లలోనూ దొరికేది చీజ్ శాండ్విచ్చే. వంటగది ఉన్న క్యాబిన్ తీసుకుని, ఐ-70 పక్కనే ఉన్న రిచ్‌ఫీల్డ్‌లో సరుకులు కొనుక్కుని రైస్ కుక్కర్‌తో సహా దిగడం మేలు. రిచ్‌ఫీల్డ్‌లో పేరున్న చెయిన్ మోటెళ్లు, పెద్ద కిరాణా దుకాణాలు, పెట్రోలు బంకులు అన్నీ ఉన్నాయి. ఒక్క రాత్రికైతే అక్కడే నయం, రెండు రాత్రులు దాటితే మేరీస్‌వేల్. సాల్ట్ లేక్ సిటీ నుంచి రిచ్‌ఫీల్డ్ రెండున్నర గంటలు, లాస్ వేగస్ నుంచి నాలుగు గంటల చిల్లర.

మేరీస్‌వేల్ నుంచి రెండు వైపులా కొండలే. తూర్పున మన్రో మౌంటెన్, పడమట టషర్ పర్వతాలు. మొదటి రోజు తూర్పుకే వెళ్లండి. దారులు వెడల్పు, ఏటవాలు తక్కువ, పైన పచ్చిక మైదానాలు, చెరువులు. టషర్ అందమే వేరు, కాదనం. కానీ అక్కడ పదివేల అడుగులు దాటి ఎక్కుతారు, ఒక పక్క కొండ, మరో పక్క లోయ ఉన్న ఇరుకు దారులు తగులుతాయి. పైభాగంలో జూన్ చివరి దాకా మంచు నిలిచి ఉండొచ్చు. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం రెండు దాటాక ఉరుములు మెరుపులు మామూలే, చెట్లు లేని శిఖరం మీద అప్పుడు ఉండకూడదు. పొద్దున్న ఏడున్నరకే బయల్దేరి ఒంటిగంటకల్లా కిందికి దిగేలా చూసుకుంటే ఎండ, ఉరుము రెండూ తప్పుతాయి. సెప్టెంబరు అన్నిటికన్నా బాగుంటుంది, ఆస్పెన్ చెట్ల ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి, గుంపులు తగ్గుతాయి. ఉదయం మాత్రం చేతులు గడ్డకట్టే చలి.

ఇంకో సంగతి ఇంట్లోనే ముగించుకోవాలి. 2023 నుంచి యూటా ప్రభుత్వ భూముల్లో ఏటీవీ నడిపేవాళ్లు ఆన్‌లైన్ పాఠం పూర్తిచేసి సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోవాలి. 18 దాటినవారికి ఉచితం, ఒక్కసారి చేస్తే చాలు. 18 లోపు వారికి వేరే కోర్సు, దానికి రుసుముంది, హెల్మెట్ తప్పనిసరి. భార్యాభర్తలిద్దరూ మార్చి మార్చి నడపాలంటే ఇద్దరికీ ఉండాలి. దుకాణం ముందు నిలబడి సిగ్నల్ అందని ఫోనులో ఈ పాఠం చదువుతూ గంట పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

బండి గురించి నాలుగు మాటలు

ఇండియాలో ఏళ్ల తరబడి బైకు నడిపినవాళ్లే ఏటీవీ మీద ఎక్కువ తడబడతారు. మొదటి కారణం ఎడమ చేతి లీవరు. బైకులో అది క్లచ్, ఇక్కడ బ్రేకు. పొలారిస్ కంపెనీ స్పోర్ట్స్‌మన్ మోడల్‌లో ఆ ఒక్క లీవరే నాలుగు చక్రాలకూ బ్రేకు. వేగం తగ్గించబోయి అలవాటుకొద్దీ ఎడమ లీవరు పూర్తిగా నొక్కితే, కంకర మీద నాలుగు చక్రాలూ జారతాయి. రెండో కారణం కాలు. బండి ఒరుగుతున్నట్టు అనిపించగానే బైకర్ కాలు నేలమీద పెడతాడు. ఏటీవీలో అలా పెట్టిన కాలి మీదికి వెనక చక్రం ఎక్కుతుంది. ఎంత ఒరిగినా పాదాలు ఫుట్‌రెస్టు వదలకూడదు. చీలమండ దాటిన బూట్లు వేసుకోమనేది అందుకే.

మలుపులో బైకును ఒంచినట్టు దీన్ని ఒంచలేం, మనమే లోపలి వైపుకు బరువు వేయాలి. ఎక్కుడులో ముందుకు వంగి, దిగుడులో వెనక్కి జరిగి కూర్చోవాలి. దిగేటప్పుడు గేరు ‘ఎల్’ (లో, అంటే తక్కువ వేగం గేరు) లో పెట్టి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజనే బండిని ఆపుకుంటూ దింపుతుంది, బ్రేకును మెత్తగా తాకితే చాలు. ఎక్కుడు మధ్యలో బండి ఆగిపోతే అడ్డంగా తిప్పే ప్రయత్నం చేయొద్దు. వెనక్కి జారుతుండగా ఒక్కసారిగా బ్రేకు వేసినా ముందు చక్రాలు లేచి బండి మీద పడొచ్చు. జారడం మొదలవకముందే బ్రేకు పట్టి, ‘పి’ (పార్క్) లో పెట్టి, పై వైపు నుంచి దిగి, వెనకవాళ్లను పిలవడమే సరైన పద్ధతి.

చాలా ఏటీవీల్లో గేర్లు బెల్టు మీద నడిచే ఆటోమేటిక్ రకం. పొలారిస్, కాన్-ఆమ్, యమహా కోడియాక్ ఇవన్నీ అంతే. ‘హెచ్’ (హై, అంటే ఎక్కువ వేగం గేరు) లో పెట్టి నడక వేగంతో రాళ్ల మీద ఎక్కితే బెల్టు వేడెక్కి కాలిన రబ్బరు వాసన వస్తుంది. వాసన రాగానే ఆపి పది నిమిషాలు చల్లారనిచ్చి ‘ఎల్’ లో ఎక్కాలి. అలాగే లాగిస్తే బెల్టు తెగుతుంది, దాని ఖర్చు, బండిని వెనక్కి లాక్కొచ్చిన ఖర్చు అద్దెకు తీసుకున్నవాడి మీదే పడుతుంది. హోండా రాంచర్‌లో బెల్టు లేదు, లోపలంతా గేర్లే. దొరికితే కొత్తవాళ్లకు అది మంచి ఎంపిక.

టైర్లలో గాలి సాధారణంగా 5 నుంచి 7 పీఎస్ఐ. కారు గేజితో ఇది సరిగా కొలవలేం, తక్కువ పీఎస్ఐ గేజి దుకాణంలో అడగండి. ఒక పక్క 7, మరో పక్క 4 ఉంటే బండి ఒకవైపు లాగుతూనే ఉంటుంది, నడిపేవాళ్లు తమ చేతకానితనం అనుకుంటారు.

ఒకరికి చేసిన బండి మీద ఇద్దరు ఎక్కకూడదు. పెద్ద ఏటీవీ మీద 16 ఏళ్లలోపు వారు నడపరాదని లేబులే ఉంటుంది. పిల్లలతో వెళ్లేవాళ్లు అందుకే సైడ్-బై-సైడ్ తీసుకుంటారు. స్టీరింగు, సీటు బెల్టులు, పైన ఇనుప చట్రం, చూడ్డానికి చిన్న జీపు. అది ఏటీవీ కన్నా వెడల్పు కాబట్టి 50 అంగుళాల హద్దు పెట్టిన ట్రెయిళ్లు దానికి మూసేసినట్టే. బోల్తా పడేటప్పుడు చెయ్యి బయట పెట్టి ఆపబోవడం దాంట్లో ఎక్కువమందిని దెబ్బతీసే అలవాటు. అద్దెలు ఊరును బట్టి, సీజన్‌ను బట్టి మారతాయి. ఒకరెక్కే ఏటీవీకి రోజుకు 150 నుంచి 250 డాలర్లు, సైడ్-బై-సైడ్‌కు 300 నుంచి 500 దాకా అనుకుని బయల్దేరండి.

హాట్‌ఫీల్డ్–మెకాయ్ ట్రెయిళ్లు, వెస్ట్ వర్జీనియా

షార్లట్, ఉత్తర వర్జీనియా వైపు ఉన్నవాళ్లకు యూటా దాకా పోనక్కరలేదు. 2000 అక్టోబరులో తెరిచిన ఈ ట్రెయిళ్లు ఇప్పుడు వెయ్యి మైళ్లు దాటాయి. బొగ్గు కంపెనీల, కలప కంపెనీల భూముల మీదుగా వేసిన దారులివి. రంగుల పద్ధతి ఇక్కడ పక్కాగా ఉంటుంది: ఆకుపచ్చ, నీలం, నలుపు, ఆపైన అతి కష్టానికి ఎరుపు-నలుపు, మోటార్ సైకిళ్లకు మాత్రమే కేటాయించిన సన్నదారులకు నారింజ.

పర్మిట్ మనిషికి, బండికి కాదు. బయటి రాష్ట్రంవారికి దాదాపు 50 డాలర్లు. అది జనవరి నుంచి డిసెంబరు వరకు చెల్లుతుంది, కొన్న రోజు నుంచి ఏడాది కాదు. నవంబరులో కొంటే నెలన్నరకే డబ్బు పోసినట్టు. అద్దెలో పర్మిట్ కలిసి ఉంటుందని అనుకోవద్దు. హెల్మెట్ అందరికీ తప్పనిసరి, పెద్దవాళ్లకు కూడా. మద్యం నిషిద్ధం. చీకటి పడ్డాక ట్రెయిల్ మీద ఉండకూడదు.

మొదటిసారికి బ్రామ్‌వెల్ దగ్గరి పోకాహాంటస్ ట్రెయిల్ వైపు వెళ్లడం మంచిది. షార్లట్ నుంచి ఐ-77 మీద రెండున్నర, మూడు గంటల్లో చేరొచ్చు. ఒకప్పటి బొగ్గు కోటీశ్వరుల భవంతులున్న చిన్న ఊరు, వీధుల్లో ఏటీవీ నడపనిస్తారు. ఇండియన్ రిడ్జ్, వారియర్ ట్రెయిళ్లు దీనికి కలిసే ఉంటాయి కాబట్టి ఆకుపచ్చలు ఏరుకుంటూ రోజంతా తిరగొచ్చు. మేట్‌వాన్, విలియమ్సన్ వైపున్న బఫెలో మౌంటెన్‌ను రెండోసారికి ఉంచుకోండి.

ఇక్కడి అసలు శత్రువు బురద. అడవి దట్టం, ఎండ తగలదు, వాన నీరు గుంతల్లో రోజుల తరబడి నిలుస్తుంది. గుంత లోతు తెలియకపోతే అందులోకి దిగొద్దు, పక్కనే ముందువాళ్లు తొక్కిన దారి ఉంటే అటు వెళ్లండి. నీళ్లు ఫుట్‌రెస్టు దాటితే ఇంజను గాలి పీల్చే గొట్టంలోకి వెళ్లే ప్రమాదం ఉంది. ఫోను సిగ్నల్ చాలా చోట్ల దొరకదు, కాగితం మ్యాపు జేబులో ఉండాలి. ఆగిన ప్రతి కూడలిలో నంబరు బోర్డును ఫొటో తీసుకుంటూ వెళ్తే తిరుగు దారి వెతుక్కోనక్కరలేదు, ఎవరికైనా దెబ్బ తగిలితే మనమెక్కడున్నామో చెప్పడానికీ అదే ఆధారం.

బసల్లో ట్రెయిల్‌కు ఆనుకున్న క్యాబిన్లు, బండి కడిగే చోటు ఉన్నవి చూసుకోండి. కడిగే చోటు లేకపోతే బురద బట్టలతో గదిలోకి వెళ్లినందుకు శుభ్రం ఖర్చు వేసే యజమానులున్నారు. ఏప్రిల్ చివర, మే, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరు అనువైన కాలం. మెమోరియల్ డే లాంటి పొడుగు వారాంతాల్లో ఆకుపచ్చ దారుల్లోనూ వేగంగా దూసుకొచ్చేవాళ్లు ఎక్కువ, కొత్తవాళ్లు మంగళ, బుధవారాల్లో వెళ్తే దుమ్మూ రద్దీ తక్కువ.

న్యూజెర్సీవాళ్లకు దగ్గరిది పెన్సిల్వేనియాలో షమోకిన్ పక్కనున్న ఆంత్రసైట్ ఔట్‌డోర్ అడ్వెంచర్ ఏరియా. 2014లో తెరిచారు, పాత బొగ్గు గనుల నేల. ఎడిసన్ నుంచి రెండున్నర గంటలే కాబట్టి ఒక్క రోజులో వెళ్లి రావచ్చు. దుమ్ము బొగ్గు రంగులోనే ఉంటుంది, తెల్ల బట్టలు వద్దు. కళ్లజోడు ఉన్నవాళ్లు దానిమీద పట్టే గాగుల్స్ తీసుకెళ్లాలి, హెల్మెట్‌తో వచ్చే మామూలు గాగుల్స్ కళ్లజోడు మీద కూర్చోవు. హ్యూస్టన్‌వాళ్లకు న్యూ వేవర్లీ దగ్గర సామ్ హ్యూస్టన్ నేషనల్ ఫారెస్ట్‌లో 85 మైళ్ల ట్రెయిల్ ఉంది. పైన్ చెట్ల మధ్య చదును నేల, సొంత బండి ఉన్నవాళ్లకు బాగుంటుంది. వాన పడితే మూసేస్తారు, బయల్దేరే ముందు రేంజర్ ఆఫీసుకు ఫోన్ చేయండి.

కాలిఫోర్నియా: ముందు హాలిస్టర్, తర్వాతే ఓషియానో

బే ఏరియావాళ్లు పిస్మో బీచ్ పక్కనున్న ఓషియానో డ్యూన్స్‌కే పరుగెడతారు. దానికన్నా ముందు శాన్ హోసేకు గంట దూరంలో ఉన్న హాలిస్టర్ హిల్స్ చూడండి. లోయర్ రాంచ్ భాగం మోటార్ సైకిళ్లు, ఏటీవీల కోసం. ట్రెయిళ్లకు ఆకుపచ్చ గుండ్రం, నీలం చతురస్రం, నల్ల వజ్రం గుర్తులు. చిన్న పిల్లల బండ్లకు వేరే సాధన చోటు కూడా ఉంది. చలికాలంలో వాన పడితే ఆ బంకమన్ను మీద నిలబడ్డమే కష్టం, అప్పుడు ట్రెయిళ్లు మూస్తారు.

ఓషియానోలో అద్దె బండ్లు సులువుగా దొరుకుతాయి, చిక్కంతా అక్కడే. ఇసుక తిన్నెకు గాలి వచ్చే వైపు మెల్లని ఎక్కుడు, అవతలి వైపు నిటారు దిగుడు. కింది నుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. ఊపుతో ఎక్కి శిఖరం దాటితే అవతల నేలే ఉండదు. మిట్టమధ్యాహ్నం నీడ పడదు కాబట్టి గుంతలు, అంచులు కంటికి ఆనవు. ఉదయం తొమ్మిదిలోపు, లేదా సాయంత్రం నాలుగు తర్వాత నీడలు పొడుగ్గా ఉన్నప్పుడే తిన్నెల ఆకారం తెలుస్తుంది. శిఖరం దగ్గరకు రాగానే వేగం తగ్గించి, అంచుకు సమాంతరంగా తిరిగి, అవతల చూసుకున్నాకే దిగాలి. అవతలి వైపు నుంచి ఎక్కుతున్నవాడికి మనం కనబడాలనే నేల నుంచి 8 అడుగుల ఎత్తున జెండా కట్టాలన్న నిబంధన. జెండా వంగి ఉన్నా, విరిగి ఉన్నా ఆ బండి తీసుకోకండి.

బీచ్ మీద వేగ పరిమితి గంటకు 15 మైళ్లు. మార్చి 1 నుంచి సెప్టెంబరు 30 వరకు స్నోయీ ప్లవర్ పిట్టలు గూళ్లు పెట్టే భాగం కంచె కట్టి మూస్తారు, మిగిలిన చోట రద్దీ పెరుగుతుంది. అరోయో గ్రాండే వాగు పొంగినప్పుడు కార్లు ఇసుకలో దిగబడతాయి, దాటొద్దు. ఇక్కడ బండ్లను ఆపేయాలని 2021లో రాష్ట్ర తీరప్రాంత సంస్థ కోస్టల్ కమిషన్ నిర్ణయించాక కోర్టుల్లో వాదాలు నడిచాయి, కాబట్టి గది బుక్ చేసే ముందు పార్కు తాజా ప్రకటన చూసుకోవాలి.

అద్దె కాగితాలు

మన కారు ఇన్సూరెన్సు ఏటీవీకి వర్తిస్తుందని లెక్క పెట్టుకోవద్దు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు తీసుకున్న విజిటర్ పాలసీల్లో చాలావాటికి ఇలాంటి ఆటలు మినహాయింపు జాబితాలోనే ఉంటాయి, వాళ్లను ఎక్కించే ముందు ఆ పేజీ చదవండి. దుకాణం కార్డు మీద వెయ్యి డాలర్లో అంతకు మించో పట్టి ఉంచుతుంది. డ్యామేజీ వేయివర్ (బండి దెబ్బతింటే ఖర్చు మన మీద పడకుండా అదనంగా కొనే రక్షణ) కొన్నా టైర్లు, రిమ్ములు, బెల్టు, బోల్తా పడటం దాన్నుంచి తప్పిస్తారు, అందుకే దేనికి వర్తించదో రాతలో చూపించమనండి.

బయల్దేరే ముందు నాలుగు మూలలూ, కింది భాగమూ వీడియో తీయాలి. ముందు చక్రాలను తిప్పే సన్నని కడ్డీలు, ఇరుసు చివర రబ్బరు తొడుగులు, రిమ్ముల అంచులు ముఖ్యం. రాయిని, మొద్దును గుద్దితే ముందు వంగేది ఆ కడ్డీయే. హ్యాండిల్ నిటారుగా పట్టుకున్నా బండి పక్కకు పోతుంటే అది వంగినట్టే, పాతదో కొత్తదో తేల్చేది ఉదయం తీసిన వీడియోనే. ట్యాంకు మూడో వంతు ఖాళీ కాగానే తిరుగు ముఖం పట్టండి, ఎక్కుడులో పెట్రోలు ఎక్కువ తాగుతుంది. దుకాణం ఐదింటికి మూస్తే నాలుగింటికే ఊళ్లో ఉండేలా చూసుకోవాలి. కడగడానికి, ట్యాంకు నింపడానికి అరగంట పడుతుంది, ఆలస్యానికి గంట లెక్కన వసూలు చేసే చోట్లు ఎక్కువ.